చిన్న దొరకు అంత పొడుగు పేరెందుకు?

మొన్న దసరా సెలవులకు వనపర్తి వచ్చిన మా మేనల్లుడు, భోజనాలయ్యాక ఫోను నా చేతిలో పెట్టి "మామా, ఒక్క పేజీ చదివి చెప్పు" అన్నాడు. నవల రాస్తున్నాడట. ఆకాశంలో రెండు చందమామలున్న లోకం. పగలు ముందుకూ రాత్రి వెనక్కూ పారే ఏరు. ఆ ఏటి గట్టున 32 ఊళ్ల మీద పెత్తనం ఉన్న ఒక చిన్న సామంతుడు. ఇంతవరకు హాయిగా చదివాను. సామంతుడి పేరు దగ్గర ఆగిపోయాను. మొదటి రాతలో ఆయన లార్డ్ వాల్డ్రెన్. అది తెలుగు కథకు అతకదని కొట్టేసి వీరప్రతాపసింహుడు అని పెట్టాడు.

"ఈ పేరు చూస్తే ఈయనది ఏ ఊరో, ఎవరికి కప్పం కడతాడో, తాత ఎవరో ఏమైనా తెలుస్తోందా?" అని అడిగాను.

"పేరులో ఇవన్నీ ఎలా తెలుస్తాయి మామా?"

తెలుస్తాయి. తెలియాలనే పెట్టుకునేవారు. చక్రవర్తికి ఒక్క మాట పేరు చాలు, ఆయనెవరో అందరికీ తెలుసు. చిన్న దొరకు అలా కుదరదు. పక్క దొరకు తానేమీ తీసిపోనని చెప్పాలి. పైనున్న ప్రభువుకు తాను నమ్మినబంటునని చెప్పాలి. కిందనున్న ఊళ్లకు తాను నిన్నగాక మొన్న ఊడిపడలేదని చెప్పాలి. ఈ మూడు పనులూ పేరే చేయాలి. అందుకే రాజ్యం చిన్నదయ్యేకొద్దీ పేరు పొడుగవుతుంది. దీనికి ఎక్కడో యూరప్ కోటల్లో వెతకనక్కర లేదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఒకరి కింద ఒకరుగా ఏలిన సామంతులు, నాయకులు, సంస్థానాధీశులు వందల ఏళ్ల పాటు ఇదే పని చేశారు. వాళ్ల పేర్లు విడదీసి చూస్తే ఊహాలోకపు దొరకు పేరు ఎలా పెట్టాలో దానంతటదే తెలిసిపోతుంది.

ఇల్లు ఒక ఊరిది, గద్దె ఒక ఊరిది

ముందు ఇంటిపేరు. యూరప్ పద్ధతిలో దొరకు పేరు భూమి నుంచి వస్తుంది: ఫలానా చోటి డ్యూకు, ఫలానా చోటి బారన్. ఆర్థర్ వెలెస్లీ 1803లో మన దక్కనులో, అస్సాయే దగ్గర మరాఠాలతో పోరాడినప్పుడు ఉత్త వెలెస్లీయే. తరువాత వెల్లింగ్టన్ అనే ఊరి పేరు మీద బిరుదు వచ్చింది. ఇవాళ లోకానికి ఆయన వెల్లింగ్టన్. ఊరు ముందుకొచ్చి ఇంటిపేరును పక్కకు నెట్టేసింది.

మన దగ్గర అలా జరగలేదు. గద్వాల ఏలినవారు ముష్టిపల్లివారు. వనపర్తి ఏలినవారు జనుంపల్లివారు. జటప్రోలు ఏలి కొల్లాపురానికి మారినవారు సురభివారు. అమరచింత సంస్థానం పేరుతో ఆత్మకూరులో కొలువు తీరినవారు ముక్కెరవారు. ఎన్ని తరాలు కోటలో కూర్చున్నా గద్వాల అన్నది వాళ్ల ఇంటిపేరు కాలేదు. పిల్లను ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు అడిగేది ముష్టిపల్లే. పన్ను కట్టేటప్పుడు చెప్పుకొనేది గద్వాల. ఒకటి ఎక్కడి నుంచి బయలుదేరారో చెబుతుంది, ఇంకొకటి ఎక్కడ ఆగారో చెబుతుంది.

వనపర్తివారిదే తీసుకోండి. వంశావళి 1510 ప్రాంతంలో జనుంపల్లి వీరకృష్ణారెడ్డితో మొదలవుతుంది. మొదట్లో దాన్ని సూగూరు సంస్థానం అనేవారు. తరువాత శ్రీరంగాపురం వచ్చింది. అక్కడ రంగసముద్రం చెరువులో మునిగీ మునగనట్టు నిలబడిన రంగనాయకస్వామి గుడి ఈ వంశంవారు కట్టించిందే. వనపర్తి ఆ పైన వచ్చింది. అంటే మూడు ఊళ్లు మారినా ఇంటిపేరులో నాలుగో ఊరు మాత్రం కదలలేదు.

అందుకే మా వాడికి మొదటి సలహా ఇచ్చాను: నీ దొర ఇంటిపేరులో ఆయన ఇప్పుడు ఉండని ఊరు పెట్టు. వీలైతే ఎన్నడూ చూడని ఊరు పెట్టు.

చూడని ఊరికి ప్రభువునని చెప్పుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. నల్లగొండ పక్కన పానగల్లు వెళ్లినవాళ్లు ఛాయా సోమేశ్వరుడి గుడి చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనక పొద్దంతా కదలకుండా నిలబడే స్తంభపు నీడ అక్కడి వింత. దగ్గరలోనే ఉదయసముద్రం అనే పెద్ద చెరువు. ఆ చెరువు పేరులోని ఉదయుడు కందూరు చోడుల వంశంవాడు. మొదట కల్యాణి చాళుక్యులకు, తరువాత కాకతీయులకు లొంగి ఉన్న సామంత వంశం అది. కందూరు పాలమూరు వైపు ఊరు, పానగల్లు నల్లగొండ వైపు ఊరు. ఈ రెండింటి చుట్టూ వాళ్ల చిన్న రాజ్యం. కానీ వీళ్లతో సహా తెలుగు చోడులంతా తమ ప్రశస్తిలో, అంటే శాసనం మొదట వంశాన్ని పొగిడే భాగంలో, చెప్పుకొన్నది వేరు. తాము కరికాల చోళుడి సంతానమట. ఒరయూరు పురవరాధీశ్వరులట, అంటే ఆ మహాపట్నానికి ప్రభువులట.

ఒరయూరు ఎక్కడుంది? కావేరి ఒడ్డున, ఇవాళ్టి తిరుచిరాపల్లిలో కలిసిపోయి ఉంది. పానగల్లులో చెరువు తవ్వించుకునే దొరకు ఆ ఊళ్లో సెంటు భూమి ఉండదు. అయినా శాసనంలో తన ఊరికన్నా ముందు ఆ ఊరు చెక్కించుకున్నాడు. దీన్ని అబద్ధమని కొట్టిపారేయలేం. పెళ్లిచూపుల్లో పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని "మాది అసలు ఫలానా జమీందారీ లెండి" అంటాడే, అలాంటి మాట ఇది. వినేవాడు నమ్మాడా లేదా అన్నది కాదు, కాదనలేకపోయాడు, అంతే చాలు. అసలు ప్రభువు చాళుక్యుడని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ చిన్నతనాన్ని కప్పుకోవడానికి కావేరి ఒడ్డు పట్నం పనికొచ్చింది.

కథలు రాసేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. పేరులో ఇలాంటి ఊరు ఒకటి ఉంటే లోకానికి వెయ్యేళ్ల వయసు వస్తుంది. వెయ్యేళ్ల చరిత్రను మూడు పేజీల్లో చెప్పనక్కర లేదు.

ఒకే పేరు, రెండు ఇళ్లు

ఇంకో చిక్కుముడి ఉంది. చరిత్ర చదివే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లు కట్టించినవారు రేచర్ల వంశంవారు. ములుగు వైపు రామప్పగుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా ఆ వంశమే, కాకతి గణపతిదేవుడి సేనాని. వీళ్లు రెడ్లు. కాకతీయ సామ్రాజ్యం పడిపోయాక రాచకొండ, దేవరకొండ కోటల నుంచి నల్లగొండ సీమను ఏలినవారూ రేచర్లవారే. వీళ్లు పద్మనాయక వెలమలు. జటప్రోలు సురభివారు తమను కలుపుకొనేది ఈ రెండో రేచర్లతో.

మరి ఈ రెండిళ్లూ ఒకటేనా? కాదు. రేచర్ల ఒక ఊరి పేరుగా, ఒక గోత్రంగా, ఒక వంశనామంగా మూడు రకాలుగా కనిపిస్తుంది. శాసనంలో రేచర్ల అని కనిపించగానే ఎవరో తేల్చుకోకుండా ముందుకుపోతే పిల్లలమర్రి మనిషి రాచకొండలో తేలతాడు. పాఠ్యపుస్తకంలో ఇది తలనొప్పి, కథలో మాత్రం వరం. ఒకే పేరుతో రెండు వంశాలు, అసలు పేరు మాదంటే మాదని కొట్లాట. నూరేళ్ల నాటి దానపత్రం ఒకటి దొరుకుతుంది, అందులో దాత పేరు చుక్కలమర్రి అని మాత్రమే ఉంటుంది. ఇక ఆ మాన్యం ఎవరిది? (చుక్కలమర్రి అన్నది నేను అక్కడికక్కడ అల్లిన పేరు. మా వాడికి నచ్చి టక్కున ఫోనులో కొట్టుకున్నాడు.)

పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం ఉంది. 1208 నాటిది. కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసాని. గుడికి పేరు ఆమెది, భర్తది కాదు. దేవుడే ఆమె పేరు మోస్తున్నాడు. సామంతుల ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు వంశవృక్షాల కొమ్మల్లో కనిపించకపోవచ్చు. గుడి పేర్లలో, చెరువు పేర్లలో, అమ్మల పేరు మీద వెలసిన పేటల్లో వెతికితే దొరుకుతాయి.

మూడు భాషల పేరు

ఇప్పుడు పేరుకు ముందూ వెనకా తగిలించేవాటి సంగతి. దీని మీదే నేను మా వాడి బుర్ర ఎక్కువసేపు తిన్నాను.

సంస్థానాధీశుడి పూర్తి పేరులో మూడు భాషలు పొరలు పొరలుగా ఉంటాయి. జనుంపల్లి, ముష్టిపల్లి లాంటి ఇంటిపేరు తెలుగు. అది నేల మాట. సోమభూపాలుడు, సీతారామభూపాలుడు అన్నప్పుడు భూపాలుడు సంస్కృతం. అది కవుల మాట, శాసనాల మాట. సవాయి, బహదూర్, నవాజ్‌వంత్ లాంటివి ఉర్దూ, ఫారసీ దర్బారు మాటలు. అంటే నేల, గుడి, దర్బారు మూడూ ఒకే మనిషి మీద కప్పిన శాలువాలు. పేరు చదివితే ఆయన మీద ఎవరున్నారో భాషే చెప్పేస్తుంది.

వనపర్తి వంశావళిలో ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదట్లో వీరకృష్ణారెడ్డి. ఆ తరువాత గోల్కొండ సుల్తానుల కాలంలో ఎనిమిది భాషలు వచ్చని పేరుపడ్డ అష్టభాషా బహిరీ గోపాలరావు. ఇంకొంత కాలానికి సవాయి వెంకటరెడ్డి. సవాయి అంటే ఒకటింపావు, మామూలు మనిషికన్నా పావు వంతు ఎక్కువ అన్నమాట. రాజస్థాన్‌లోని జయపురం రాజులూ ఇదే బిరుదు పెట్టుకున్నారు. చివరికి రామేశ్వరరావులు. రెడ్డి పోయి రావు స్థిరపడింది. ఇవాళ ఎవరైనా రామేశ్వరరావు అనే పేరు విని కులం ఊహించబోతే బోల్తా పడతారు. రావు అప్పట్లో కులాన్ని చెప్పే మాట కాదు, రాయలు, రాజు అన్నట్టు హోదాను చెప్పే మాట. అటు కొల్లాపురంలో వెలమదొరలూ రావులే.

దర్బారు బిరుదులకు మెట్లుండేవి. హైదరాబాదులో ముస్లిం ప్రభువులకు వరుసగా జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటికీ పైన జాహ్. మీర్ తురాబ్ అలీ ఖాన్ అనే ప్రధానమంత్రి ఒక్కరే సాలార్ జంగ్, షుజా ఉద్దౌలా, ముఖ్తార్ ఉల్ ముల్క్. మెట్టు ఎక్కిన ప్రతిసారీ కొత్త పేరు, పాత పేరు మాత్రం పోదు. హిందూ ప్రభువులకు రాజా, రాజా బహదూర్, వంత్, మహారాజా లాంటివి. కొల్లాపురం రాజా సురభి వెంకటలక్ష్మారావుకు దక్కినది నిజాం నవాజ్‌వంత్. ఆ పేరులోనే నిజాం ఉన్నాడు చూడండి. దాన్ని పలికిన ప్రతిసారీ రాజుగారి కన్నా ముందు నిజాం పేరే నోట్లోకి వస్తుంది.

అసలు తమాషా ఇంకా పైన ఉంది. మనం నిజాం నిజాం అంటాం కదా, అది ఎవరి పేరు? మొదటి నిజాం పేరు మీర్ ఖమరుద్దీన్. ఔరంగజేబు ఇచ్చింది చిన్ ఖిలిచ్ ఖాన్. ఫరుఖ్‌సియర్ ఇచ్చింది నిజాం ఉల్ ముల్క్. 1725లో మహమ్మద్ షా ఇచ్చింది ఆసఫ్ జాహ్. అంటే గద్వాల, వనపర్తి దొరలకు బిరుదులిచ్చిన ప్రభువు వంశం పేరే ఢిల్లీ ఇచ్చిన బిరుదు. నిజాం అంటే పాలనను సర్దేవాడు. ఒక ఉద్యోగి హోదా అది. ఆ ఉద్యోగం పేరే ఇంటిపేరై, ఆ ఇల్లే రాజ్యమై కూర్చుంది. అలా పైనున్నవాడూ ఇంకొకడి కింద చిన్న దొరే.

ఊహాలోకానికి ఇది ఎంత పనికొస్తుందో వేరే చెప్పాలా? చక్రవర్తి భాష వేరు, పల్లె భాష వేరు అయితే, బిరుదు చక్రవర్తి భాషలో ఉండాలి. పల్లెవాళ్లు దాన్ని నోరు తిరగక విరిచెయ్యాలి. మా వాడు వెంటనే చక్రవర్తి భాషలో తార్‌ఖుమ్ అని ఒక మాట అల్లాడు. దర్బారులో మూడో మెట్టు మీద నిలబడే హక్కున్నవాడు అని దాని అర్థమట. మరి ఏటి గట్టు ఊళ్లలో జనం దాన్ని ఏమంటారు? ఇద్దరం ఆలోచించి తాటికొమ్మ దొర అని తేల్చాం. తాటిచెట్టుకు కొమ్మ ఉండదని వాడికి అప్పుడు గుర్తు చేశాను. "అదే బాగుంది మామా, ఉండనిద్దాం" అన్నాడు.

బిరుదు ఊరికే రాదు. ఏటేటా పేష్కష్ అనే కప్పం కట్టాలి, అడిగినప్పుడు సైన్యం పంపాలి. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఏసీ అంటే చల్లగాలి యంత్రం అనుకుంటారు. అది ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా ఆశ్వికదళం పేరులోని పొడి అక్షరాలు. ఆ హబ్షీ (ఆఫ్రికా) రౌతుల దళాన్ని మొదట పెంచింది వనపర్తి రాజా అనీ, తరువాత అది నిజాం చేతికి వెళ్లిందనీ చెబుతారు. ఒక చిన్న సంస్థానపు గుర్రపుశాల నగరంలో ఒక పేట పేరుగా మిగిలింది.

ఊళ్లకూ ఇదే గతి. పాలమూరును 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ చేశారు. కాగితాల మీద పేరు ప్రభువుది, జనం నోట పాలమూరే. నల్లగొండను కూడా ఒకప్పుడు నీలగిరి అనేవారంటారు.

రాచకొండవారి దగ్గర ఇంకో రకం బిరుదు చూస్తాం. అది పైవాడు ఇచ్చింది కాదు, కవులు పాడింది. సింగభూపాలుడికి సర్వజ్ఞుడని బిరుదు. అంతా తెలిసినవాడట! సంస్కృతంలో రసశాస్త్రం మీద గ్రంథం రాసినవాడు కాబట్టి మరీ గాలి మాట కాదు. అయినా పొరుగు రాజ్యం వాళ్లకు ఒళ్లు మండదా? కొండవీటి నుంచి శ్రీనాథుడు రాచకొండ వచ్చి, సర్వజ్ఞుడనే పేరు శివుడికీ ఈ సింగ రాజుకూ తప్ప ఇంకెవరికీ చెల్లదంటూ చాటువు చెప్పాడట. ఇంకొకడిని అలా పిలవడం కుక్కను ఏనుగు అనడమేనట. అంతగా పొగిడి, వెలమలు పట్టుకుపోయిన నందికంత పోతరాజు కఠారిని కొండవీటికి అడిగి తీసుకుపోయాడని కథ. కత్తికి కూడా ఇంటిపేరు లాంటిది ఉందంటే చూడండి. ఊహాలోకాల నవలల్లో పేరున్న ఖడ్గాలు కనిపిస్తే అది పరదేశపు వాసన అనుకుంటాం. మన చాటువుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి.

దత్తుడి పేరు

చిన్న వంశాలకు అసలు గండం యుద్ధం కాదు. కొడుకు లేకపోవడం. పెద్ద సామ్రాజ్యంలో వారసుడు లేకపోతే పదిమంది పోటీకి దిగుతారు. చిన్న సంస్థానంలో వారసుడు లేకపోతే పైనున్న ప్రభువు కాగితం పంపి కలిపేసుకుంటాడు. అందుకే దత్తత. దత్తతకు పై ప్రభువు ఒప్పుకోవాలి. ఒప్పించడానికి నజరానా సమర్పించుకోవాలి. పిల్లవాడు మైనరైతే, వాడు పెద్దయ్యేదాకా ఆస్తిని చూసే సర్కారు శాఖ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వచ్చి కూర్చుంటుంది.

కొల్లాపురం రాజా పేరు ఇందాక చెప్పాను: సురభి వెంకటలక్ష్మారావు. ఆయన పుట్టింది కొల్లాపురంలో కాదు. నెల్లూరు సీమలోని వెంకటగిరి రాజుల ఇంట. అక్కడ ఆయన వెలుగోటి నవనీతకృష్ణ యాచేంద్ర. దత్తత రావడంతో ఇంటిపేరు మారింది, పెట్టిన పేరు మారింది, పేరు చివరి యాచేంద్ర పోయి రావు వచ్చింది. మారనిది గోత్రం ఒక్కటే, రెండిళ్లూ రేచర్లే కాబట్టి. ఆయన అన్నదమ్ముల్లో ఒకరు ఇలాగే దత్తుడై బొబ్బిలి రాజయ్యారు. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లు మూడు ఇంటిపేర్లతో మూడు చోట్ల రాజ్యం చేశారు.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం పట్టాభిషేకం కాదు. ఒక పిల్లవాడిని నిన్నటిదాకా కృష్ణా అని పిలిచారు. రేపటి నుంచి లక్ష్మారావు అని పిలుస్తారు. పిలిస్తే వాడు పలకడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది? ఏ ఊహాలోకపు మంత్రగాడూ ఇంతకన్నా పెద్ద మాయ చేయలేడు. నవలలో ఒక అధ్యాయం ఇక్కడ రాయమని మా వాడికి చెప్పాను. వాడు తల ఊపాడు గానీ, వాడి మనసు ఇంకా రెక్కల గుర్రాల మీదే ఉంది.

దత్తత కుదిరేదాకా, లేదా దత్తుడు పెద్దయ్యేదాకా, గద్దె మీద ఉండేది రాణి. వనపర్తిలో రాణి శంకరమ్మ అలా నిలబెట్టింది. గద్వాలలో 1924లో సీతారామభూపాలుడు పోయాక మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ సంస్థానం చివరిదాకా ఏలింది. ఆడవాళ్ల పేర్లకు భూపాలలు, బహదూర్‌లు అంతగా తగిలించరు. అమ్మ, దేవమ్మ చాలు. కానీ దస్తావేజు మీద సంతకం, ముద్ర ఆమెవే. బిరుదులు లేని పేరు కోటలో అందరికన్నా గట్టి పేరు కావడం ఈ సంస్థానాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పేర్లు మళ్లీ మళ్లీ రావడం ఇంకో చిక్కు. తాత పేరు మనవడికి పెడతాం కదా. గద్వాలలో సోమభూపాలులు, రామభూపాలులు తరాల తరబడి వస్తూనే ఉంటారు. వనపర్తిలో ముగ్గురు రామేశ్వరరావులు. చరిత్రకారులు ఒకటో, రెండో, మూడో అని అంకెలు వేసుకుంటారు. ఆ కాలం మనుషులు పెద్ద, చిన అని సరిపెట్టుకున్నారు. గద్వాల కోట కట్టిన పెద్దాయన పెద సోమభూపాలుడు, తరువాత కవుల్ని పోషించినవాడు చిన సోమభూపాలుడు. చిన అన్నంత మాత్రాన చిన్నవాడు కాదు, ముసలివాడై పోయాకా చినే.

కింద నుంచి వినిపించే పేరు

ఇన్ని చెప్పాక ఒక మాట దాచితే తప్పు. ఈ పొడుగు పేర్లన్నీ రాతి మీద, కాగితం మీద, బిరుదులు చదివే భట్టు నోట్లో. పొలంలో ఉన్నవాడికి ఆయన దొర. అంతే. దొర ఉండేది గడి. గడి ముందు నుంచి పోతే చెప్పులు చేతపట్టుకొని నడవాలి. నల్లగొండ వైపు దేశ్‌ముఖ్ అన్నదీ ఇంటిపేరులా వినిపిస్తుంది గానీ, మొదట అది పన్ను వసూలు చేసే హోదా. వెట్టి చేసేవాడి నోట "బాంచెన్ దొరా" అన్న పిలుపులో జనుంపల్లీ లేదు, భూపాలుడూ లేడు, బహదూరూ లేడు. ఇటు నుంచి చూస్తే అన్ని వంశాలదీ ఒకే పేరు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధపోరాటంలో జనం ఎదురు తిరిగింది ఆ ఒక్క పేరు మీద.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. సంస్థానాలు పోయాయి. పేర్లు ఏమయ్యాయి? వనపర్తి చివరి రాజా, మూడో రామేశ్వరరావు, 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పార్లమెంటు పట్టికలో ఆయన పేరు జె. రామేశ్వరరావు. నాలుగు వందల ఏళ్ల జనుంపల్లి ఒక్క అక్షరానికి కుదించుకుపోయి పక్కన చుక్క పెట్టించుకుంది. ఆయన ఉన్న రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. మా ఇంటి నుంచి పొద్దున నడకకు వెళితే దర్బారు గదుల కిటికీల్లోంచి పిల్లలు యంత్రాల బొమ్మలు గీస్తూ కనిపిస్తారు.

గద్వాల పేరు మాత్రం ఇంకోలా బతికింది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నేతకారులు దీక్షతో నేసిన ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానం లేదు, పేష్కష్ లేదు, గద్వాల సంస్థానం తరఫున అన్న మాట మాత్రం ఆ పంచెల అంచుతో పాటు కొండ ఎక్కుతూనే ఉంది.

ఇక మా వాడి దొర. రాత్రి పదింటికి పేరు ఇలా తయారైంది: నీలకుండ పురవరాధీశ్వర, తార్‌ఖుమ్, చుక్కలమర్రి చిన సోమభూపాలుడు. నీలకుండ ఏటికి అవతల ఎవరూ వెళ్లని పట్నం. తార్‌ఖుమ్ చక్రవర్తి ఇచ్చింది. చుక్కలమర్రి ఇల్లు. సోమ అంటే చంద్రుడు కాబట్టి, రెండు చందమామల లోకంలో పెద సోముడు, చిన సోముడు అనుకుంటే వాడికి ముచ్చటగా తోచింది. ఆయన దత్తుడు కూడా. అసలు పేరు ఏమిటో పదో అధ్యాయంలోగానీ చెప్పనన్నాడు. నా సలహాల్లో ఒకటి మనసుకు పట్టినందుకు సంతోషించాను.

పడుకోబోతూ అడిగాడు: "మామా, మా ఇంటిపేరూ ఊరి పేరే కదా. ఆ ఊరు ఎక్కడుంది?"

మా బావ వాళ్లది కృష్ణ ఒడ్డు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, ఆ పక్క ఊళ్లతో పాటు అదీ పోయింది. వీడు అప్పటికి పుట్టలేదు. వీడి నాన్న నిక్కర్లు వేసుకునే వయసు. జటప్రోలులో మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి ఊడదీసి ఎగువన మళ్లీ కట్టారు. మా బావ వాళ్ల ఊళ్లో అలా మోసుకురావడానికి అంత పెద్ద గుడి ఏదీ లేదు. వేసవిలో నీళ్లు బాగా తగ్గితే సోమశిల వైపు నుంచి పడవ మాట్లాడుకొని వెళ్లవచ్చు, గోడల మొదళ్లు కనిపిస్తాయని మా బావ చెబుతుంటాడు. అదే చెప్పాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత మళ్లీ ఫోను వెలిగించాడు. నేను దీపం ఆర్పబోతూ పక్క నుంచి చూశాను. మొదటి పేజీలో దొర పేరు కింద కొత్త వాక్యం ఒకటి చేరింది: చుక్కలమర్రి ఇప్పుడు ఏటి కింద ఉంది, రాత్రి నీళ్లు వెనక్కి పారినప్పుడు మర్రిచెట్టు తల మాత్రం కనిపిస్తుంది.